ముప్పై రెండో దూదిపుల్ల

సోమవారం పొద్దున్న ప్లేట్లక్క వచ్చేసరికి ల్యాబు మెట్ల మీద బొంగరం కూర్చుని ఉంది. అదే వింత. వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా చేరి తొమ్మిదేళ్లయింది, ఇంతవరకు ఆ పిల్ల కూర్చోగా చూసిన మనిషి లేడు. ఈ గదిలో దుప్పటి మారుస్తూ పక్క గదికి జవాబు చెప్పేది. నడవమంటే పరిగెత్తేది. ఆ పేరు ఊరికే రాలేదు.

“ఏమే, పొద్దున్నే ఇక్కడ?”

“రావద్దన్నారు పిన్నీ.”

“ఎవరు?”

“మేనేజరుగారు. శనివారం సాయంత్రం. నా గొంతులో పురుగుందంట. రేడియో తాతకీ, మాస్టారికీ నా నుంచే అంటుకుందంట. భోజనాల హాల్లో అందరి ముందూ చెప్పారు.” గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఒళ్లో సంచి పట్టీని పిండుతున్నాయి.

ప్లేట్లక్క తాళంచెవి తాళంలో పెట్టి తిప్పడం మర్చిపోయింది. శనివారం మధ్యాహ్నం మేనేజరుకి ఫోన్ చేసింది తనే.

ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరూ ప్లేట్లక్క అనే పిలుస్తారు. కొత్తగా చేరిన గుమాస్తాలు క్యాంటీన్ మనిషనుకుని టీ అడుగుతారు కూడా. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆవిడ తయారుచేస్తున్న ప్లేట్లు వేరు. అరచేతిలో ఇమిడే గుండ్రటి మూతగిన్నెలు, వాటిలో నెత్తురు కలిపిన ఎర్రటి జెల్లీ. గొంతులోంచో పుండులోంచో తీసిన తడిని దాని మీద రాసి వెచ్చగా ఉంచితే, ఆ తడిలో ఏ పురుగుందో అది మర్నాటికల్లా తన కాపురం తానే చూపిస్తుంది.

ఈసారి వెతుకుతున్న పురుగు స్ట్రెప్టోకాకస్. చాలామందిని గొంతునొప్పితో వదిలేస్తుంది. కొందరిలో ఆ నొప్పి కూడా లేకుండా ఊరికే అద్దెకుంటుంది. కానీ ఏ గోరంత గీతలోంచో నెత్తుట్లోకి దిగిందంటే వయసు మళ్లిన మనిషిని రెండ్రోజుల్లో కూల్చేస్తుంది. నెల కింద ఆశ్రమంలో రేడియో తాతకి కాలు వాచి జ్వరం వచ్చింది. చావు తప్పించుకుని వచ్చి మళ్లీ రేడియో పెట్టుకున్నాడు. రెండు వారాల కింద లెక్కల మాస్టారికి వచ్చింది. ఆయన తప్పించుకోలేకపోయాడు. ఒకే ఇంట్లో రెండోసారి అనగానే ఆసుపత్రి కదిలింది. ఆశ్రమంలో బయటివాళ్లు రాకూడదని బోర్డు పెట్టించి, అక్కడ పనిచేసే వాళ్లందరి గొంతుల్లోంచీ, చేతుల మీది గాయాల్లోంచీ దూదిపుల్లలతో తడి తీయించారు. మొత్తం ముప్పై ఒక్క మంది. ఆ జాబితా రాసింది ప్లేట్లక్కే, డ్యూటీ రిజిస్టరు ముందేసుకుని, ఒక్కరినీ వదలకుండా. ముప్పై మందికి ఏమీ లేదు. బొంగరం ప్లేటు మీద మాత్రం చిన్న చిన్న చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ ఎరుపు కరిగి తేటపడిన వలయం.

“ఒకటి వచ్చిందండీ, ఆయాకి. అయితే అదే రకమో కాదో ఇంకా చూడాలి,” అంది ఫోన్లో. మొదటి వాక్యానికే మేనేజరు కుర్చీలోంచి లేచినట్టున్నాడు. రెండోది గాల్లో కలిసిపోయింది. ఆ రెండు వాక్యాలూ తిరగేసి చెప్పి ఉంటే ఈ పిల్ల ఇవాళ మెట్ల మీద ఉండేది కాదని ఆవిడకి ఇప్పుడు తోచింది.

“పిన్నీ, ఒక్క మాట చెప్పండి. నిజంగా నేనేనా?” అంది బొంగరం. “మాస్టారికి స్నానం చేయించింది నేను. కాళ్లు తుడిచింది నేను. నేనే అయితే చెప్పేయండి, ఇంక ఈ జన్మలో ఎవర్నీ ముట్టుకోను. కానీ తెలియకుండా మాత్రం ఇంట్లో కూర్చోలేను.”

“గురువారానికి చెబుతా. ఊహించి కాదు, చూసి చెబుతా.”

బొంగరం ఇంకేదో చెప్పబోయింది. నోరు తెరిచి, ప్లేట్లక్క ముఖంలోకి ఒకసారి చూసి, మూసేసింది. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగి, అందరిలా మామూలుగా నడిచి వెళ్లిపోయింది.

లోపల యంత్రం కూస్తోంది. నెత్తురు సీసాల్లో ఏదైనా పెరిగితే అది అలా కూత పెడుతుంది. ఆదివారం ఆశ్రమం నుంచి తెచ్చిన పోస్టాఫీసు మామ్మ సీసా. జీవితమంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన ఆ మనిషి ఇప్పుడు పై వార్డులో ఎడమ కాలు దిండు మీద పెట్టుకుని ఒంటి మీద తెలివి లేకుండా పడుకుని ఉంది.

ప్లేట్లక్క సీసాలోంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పరిచింది. ఆరబెట్టి, రంగులు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఊదారంగు పూసలు, దండ గుచ్చినట్టు వరసగా.

“వచ్చావా తల్లీ,” అంది పురుగుతో. పురుగులతో మాట్లాడటం ఆవిడకి అలవాటు. మనుషులతో కన్నా మర్యాదగా మాట్లాడుతుందని డాక్టరమ్మ వేళాకోళం చేస్తుంది. డాక్టరమ్మ ఈ ల్యాబుకి పెద్ద. వయసులో ప్లేట్లక్కకి కూతురంత.

“మూడోది కూడా అదేనా అక్కా?”

“జాతి అదే. రకం చూడాలి. మేనేజరు ఏమంటాడో నేను చెప్పనా? ఆయా శనివారం దాకా మామ్మ దగ్గరే ఉంది చూశారా అంటాడు.”

“అనేశాడు. ఇప్పుడే ఫోన్ పెట్టాడు.”

ఈ రకాల సంగతి ప్లేట్లక్క ఎవరికైనా ఒకేలా చెబుతుంది. ఈ పురుగు ఒంటి మీద కోటు ఉంటుంది. ఆ కోటు ఎలా కుట్టుకోవాలో చెప్పే రాత దాని కడుపులో ఉంటుంది. ఆ రాత చదివితే రెండు వందల పైచిలుకు రకాల్లో ఇది ఏ నంబరో తేలుతుంది. నంబర్లు కలిస్తే అప్పుడు పురుగు రాత మొత్తం, సుమారు పద్దెనిమిది లక్షల అక్షరాలు, పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈమధ్యనే ఒకరి నుంచి ఒకరికి వెళ్లిందైతే తేడా ఏ ఒకటో రెండో అక్షరాలు. ఉత్త ప్లేటు మీద చూస్తే అన్నీ ఒకే రకం చుక్కలు. ఈ ఇంట్లో కూడా ఒక పిల్లి ఉంది అని మాత్రమే అవి చెబుతాయి. పాలు తాగింది ఆ పిల్లేనా అన్నది వేరే సంగతి.

ఫ్రీజరులోంచి రేడియో తాతదీ, మాస్టారిదీ తీసింది. వాటి పక్కన మామ్మదీ, బొంగరానిదీ పెట్టి, నాలుగు గొట్టాలకీ చీటీలు అంటించింది. మాస్టారి గొట్టం దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. మనిషి వెళ్లిపోయాడు, ఆయన్ని తీసుకెళ్లిన పురుగు మాత్రం మంచులో క్షేమంగా నిద్రపోతోంది. ఇదేం న్యాయమని ఆవిడకి ఒళ్లు మండింది.

మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి డ్రైవరుగారు వరండాలో కూర్చుని కటింగు ప్లేయరు లాంటి గోళ్లు తీసే పనిముట్టుని గుడ్డతో తుడుస్తున్నాడు. డ్రైవరుగారంటే ఆవిడ భర్తే. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ప్రేమొస్తే ఆవిడ కూడా డ్రైవరుగారూ అనే పిలుస్తుంది. కోపమొస్తే అసలు పిలవదు.

“ఆ ప్లాస్టరు ఇలా అందుకోవోయ్.”

కుడి బొటనవేలి గోరు పక్కన చీలిక. స్టీరింగు ఇచ్చిన పెన్షను అంటాడు దాన్ని. మానినట్టే మాని మళ్లీ పగులుతుంది. ఆవిడ ప్లాస్టరు ముక్క కత్తిరించి, గట్టిగా, ముడత లేకుండా చుట్టింది.

“డాక్టరుకి చూపించమంటే వినరు కదా.”

“గోరుచుట్టుకి డాక్టరెందుకు, నువ్వున్నావుగా. అవునూ, రేపు బుధవారం. మామ్మ ఆసుపత్రిలో ఉన్నా మిగతావాళ్లు ఎదురుచూస్తారు.”

“ఈ వారం వద్దు,” అంది ఆవిడ. “బయటివాళ్లు రాకూడదని బోర్డు పెట్టారు కదా.”

“నేను బయటివాణ్ణా?” ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. వాళ్లమ్మ ఆ ఆశ్రమంలో ఉన్నన్నాళ్లూ సెలవు రోజున వెళ్లి ఆవిడ గోళ్లు తీసేవాడు. పక్క మంచం ఆవిడ చెయ్యి చాపింది. ఆ పక్క మంచం కూడా చాపింది. అమ్మ పోయి ఆరేళ్లయినా బుధవారం మాత్రం పోలేదు. ఇరవై ఏడు మంది చేతులూ కాళ్లూ అయ్యాక మాస్టారితో పేకాట. అక్కడి పెద్దవాళ్లకి ఆయన పేరే బుధవారం అబ్బాయి. అరవై మూడేళ్ల అబ్బాయి.

“వద్దంటే వద్దు. ఆ పురుగు మీకు అంటుకుంటే నేనేమైపోవాలి?” అంది ఆవిడ. ఆ మాట మనసులోంచే వచ్చింది. ఆయన పనిముట్టుని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాడు.

గురువారం పదకొండింటికి కంప్యూటరు తెర మీద నంబర్లు వచ్చాయి. రేడియో తాత, ఎనభై తొమ్మిది. మాస్టారు, ఎనభై తొమ్మిది. మామ్మ, ఎనభై తొమ్మిది. బొంగరం, పన్నెండు.

ప్లేట్లక్క మూడుసార్లు చదివింది. డాక్టరమ్మని పిలిచి ఆమె చేత పైకి చదివించింది. తర్వాత ఫోన్ తీసుకుని ఈసారి వాక్యాల వరస చూసుకుని చెప్పింది. “ముగ్గురిదీ ఒక రకం, ఆయాది వేరే రకం. ఆయా నుంచి రాలేదు. ఇది ఖాయం.”

“అయితే వీళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?” అన్నాడు మేనేజరు.

“అది ఇంకా తెలియదండీ.”

“తెలిసేదాకా నేను ఆవిణ్ణి రానివ్వలేను. పెద్దవాళ్ల కొడుకులూ కూతుళ్లూ రోజూ ఫోన్లు. నేనేం చెప్పుకోను? సోమవారం నుంచి వేరే మనిషిని పెట్టుకుంటున్నాం.” మేనేజరు దుర్మార్గుడు కాడు, పిరికివాడు. చూపించడానికి ఒక మనిషి కావాలి ఆయనకి, ఆ మనిషి చేతిలో ఉంది.

“జాబితాలో అందర్నీ చూశాం కదక్కా,” అంది డాక్టరమ్మ ఉసూరుమంటూ.

“జాబితాలో ఉన్నవాళ్లని చూశాం,” అంది ప్లేట్లక్క. అని, తన మాట తనకే ఎక్కడో గుచ్చుకుని, చేతిసంచి తీసుకుంది.

ఆశ్రమం గేటుకి బోర్డు వేలాడుతోంది. దాని పక్కన స్టూలు మీద వాచ్‌మన్, ఒళ్లో వచ్చేపోయేవాళ్ల పుస్తకం. ప్లేట్లక్క పుస్తకం అడిగి తీసుకుని రెండు నెలల వెనక్కి వెళ్లింది. కొడుకులు, కోడళ్లు, కరెంటు పనివాడు, కళ్లద్దాల దుకాణం మనిషి. ఒక్కో పేరు ఎదురుగా సంతకం, టైము. రేడియో తాత జ్వరానికి ముందు వచ్చినవాళ్లెవరూ మాస్టారి జ్వరానికి ముందు రాలేదు.

“సంతకం పెట్టకుండా లోపలికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ఒక్కరు లేరమ్మా. మంత్రి వచ్చినా నా దగ్గర సంతకం పెట్టాల్సిందే.”

“బోర్డు పెట్టాక?”

“ఈగని కూడా వదల్లేదు. పోయిన బుధవారం మన సారొచ్చారు, అంతే. ఆయన మనవాడే కదా, ఆయనకి పుస్తకమేంటి?”

“ఏ సారు?”

వాచ్‌మన్ ఆవిణ్ణి వింతగా చూశాడు. “అదేంటమ్మా అలా అడుగుతారు. మీ ఆయనే.”

ప్లేట్లక్క పుస్తకం మూసి తిరిగిచ్చేసింది. వాచ్‌మన్ లేచి స్టూలు ఇచ్చాడు. పోయిన బుధవారం వెళ్లాడు. ఆదివారానికి మామ్మ మంచాన పడింది. ఆ వేలికి ప్లాస్టరు చుట్టింది తను. ముప్పై ఒక్క పేర్లు రాసి, కింద గీత గీసి, అందరూ అయ్యారని సంతకం పెట్టింది కూడా తను. మర్చిపోయి ఉంటే కొంత నయంగా ఉండేది. మర్చిపోవడం కాదు. ఆయన పేరు అక్కడ ఉండాలని తనకి తోచనే లేదు. వాచ్‌మన్‌కి తోచనట్టే, మేనేజరుకి తోచనట్టే. మనవాళ్లని ఎవరు రాసుకుంటారు?

అక్కణ్ణుంచి నేరుగా బొంగరం ఇంటికి వెళ్లింది. ఒకే గది, దాని ముందు బట్టలారేసే తీగ. బొంగరం తడి దుప్పటి దులుపుతోంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మూడ్రోజులుగా రోజూ ఉతుకుతోందని పక్కింటావిడ నవ్వింది.

“నువ్వు కాదు,” అంది ప్లేట్లక్క, ఈసారి అసలు మాట ముందు చెప్పేసి. “చూశాను. నీది పన్నెండో రకం. వాళ్లది ఎనభై తొమ్మిది. నీ పురుగుకీ వాళ్ల పురుగుకీ దూరపు చుట్టరికమే. మీ పాపకి గొంతునొప్పి ఏమైనా వచ్చిందా ఈమధ్య?”

“పోయిన నెలలో. బళ్లో అందరికీ వచ్చింది.” బొంగరం దుప్పటిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక ఆ తడి దుప్పటితోనే ముఖం తుడుచుకుని, “మాస్టారి విషయంలో నేను కాదు కదా పిన్నీ,” అని ఇంకోసారి అడిగింది.

“కాదు. ఇప్పుడు నువ్వు చెప్పు. సోమవారం మెట్ల మీద ఏదో చెప్పబోయి ఆగావు.”

బొంగరం దుప్పటి కొసలు సరిచేసింది.

“నీకు తెలుసు,” అంది ప్లేట్లక్క.

“తెలియడమేంటి, అనుమానం. దూదిపుల్లలు పెట్టిన రోజు వరసలో నిల్చున్నప్పుడే అనుకున్నా, బాబాయిగారు లేరే అని. అది చెబుదామనే వచ్చా పిన్నీ ఆ రోజు. మీ ముఖం చూశాక నోరు రాలేదు.” దుప్పటి తీగ మీద వేసింది. “వాళ్లమ్మగారు పోయాక కూడా వచ్చే కొడుకు ఆయనొక్కడే మా దగ్గర. ఆయన మానేస్తే అక్కడ బుధవారం లేదు. నేనే అయ్యుండొచ్చు కదా, ఊరికే ఆయన పేరెందుకు తీయాలి అనుకున్నా.”

ప్లేట్లక్క ఆ పిల్ల తడి చేతులు రెండూ పట్టుకుంది.

ఇంటికి వచ్చి వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాగి, సంచిలోంచి దూదిపుల్లల ప్యాకెట్టు తీసింది.

“కూర్చోండి. నోరు తెరవండి.”

“ముప్పై నాలుగేళ్ల కాపురంలో నువ్వు నన్ను నోరు తెరవమనడం ఇదే మొదలు,” అన్నాడు డ్రైవరుగారు. అయినా బుద్ధిగా తెరిచాడు. ఆవిడ గొంతు వెనక పుల్ల తిప్పి గొట్టంలో పెట్టింది. నవ్వలేదు. అది చూసి ఆయన నవ్వు కూడా ఆగింది.

“ఇప్పుడు వేలు.”

ప్లాస్టరు విప్పింది. మొన్న తనే చుట్టింది. చీలిక అంచున లేత పసుపు తడి. ఇంకో దూదిపుల్ల దాని పొడుగునా మెల్లగా దొర్లించింది. రెండు గొట్టాలనీ ఒక దారంతో కట్టి, పైన ముప్పై రెండు అని రాసింది. మూడు అంకె వంకర పోయింది.

“నేనా?” అన్నాడాయన.

“తెలియదు. చూడాలి.”

ఆయన ఆ వేలిని వెలుతురుకి తిప్పి చూసుకున్నాడు. “మాస్టారి కాలి చిటికెనవేలు జ్వరానికి ముందు బుధవారం కాస్త తెగిందే. మూల గోరు, లోపలికి పెరిగింది. అయ్యో అన్నాను. పదిలో ఒకటి పోతే తొమ్మిది మిగులుతాయి, కానివ్వవోయ్ అన్నాడు. ఆ తర్వాత పేక కలిపాం. ఆయనే గెలిచాడు.” అని, ఆ చేతిని తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు బల్ల కింద దాచుకున్నాడు. ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన తలని తన పొట్టకి ఆనించుకుని నిల్చుంది.

శుక్రవారం గొంతు ప్లేటు ఖాళీ. వేలి ప్లేటు నిండా చుక్కలు, చుట్టూ తేట వలయాలు. ఆ పూటే డాక్టరమ్మ ఆయనకీ, గొంతులో పురుగున్న బొంగరానికీ మందు మొదలుపెట్టించింది. సోమవారం ఉదయం రాత మొత్తం వచ్చింది. ఎనభై తొమ్మిది. మాస్టారి పురుగుకీ ముప్పై రెండో నంబరుకీ మధ్య, పద్దెనిమిది లక్షల్లో, ఒక్క అక్షరం తేడా.

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేసి వచ్చింది. “అక్కా, రిపోర్టులో నంబర్లే ఉంటాయి. ముప్పై రెండో నమూనా, చికిత్స జరుగుతోంది అని రాస్తాను. ఆయా కాదని కూడా రాస్తాను. ఎవరిదో ఎవరికీ తెలియనక్కర్లేదు. రూలు కూడా అదే.”

రూలు అదేనని ప్లేట్లక్కకీ తెలుసు. ఆ కాసేపూ ఆవిడకి ఎంత హాయిగా అనిపించిందంటే, అంత హాయి అనిపించినందుకే సిగ్గేసింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పింది. రిపోర్టులో పేరుండదన్న సంగతి కూడా.

డ్రైవరుగారు చెయ్యి కడుక్కుని వచ్చాడు. “ఆ పిల్ల పేరు ఎక్కడ చెప్పారు?”

“భోజనాల హాల్లో. అందరి ముందూ.”

“అయితే నాది కూడా అక్కడే చెప్పాలి. రూలు మీ రిపోర్టుకి, నా నోటికి కాదు.”

మంగళవారం ఆశ్రమం పెరట్లో, భోజనాల హాలు కిటికీలకి పది అడుగుల దూరంలో నిల్చున్నాడు. చేతికి కట్టు, దాని మీద గ్లవ్. లోపల బల్లల దగ్గర పెద్దవాళ్లు. మాస్టారి కుర్చీ ఖాళీ. తలుపు పక్కన బొంగరం, ప్లేట్లక్క పిలిపించింది. మేనేజరు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“అందరికీ వినబడుతోందా?” అన్నాడు డ్రైవరుగారు, బస్సులో వెనక సీటు దాకా వినిపించిన గొంతుతో. “రేడియో తాతకీ, మాస్టారికీ, మామ్మకీ జబ్బు నా వేలి నుంచి వచ్చింది. ఆ అమ్మాయి నుంచి కాదు. నాకు తెలియక జరిగింది. తెలియకపోయినా వచ్చింది నా నుంచే.”

“జాబితా రాసింది నేను,” అంది ప్లేట్లక్క పక్కకొచ్చి. “మా ఆయన పేరు అందులో లేకపోవడం నా తప్పు. ఆ తప్పుకి ఈ పిల్ల పది రోజులు ఇంట్లో కూర్చుంది.”

రేడియో తాత రేడియో కట్టేశాడు. ఆయన కిటికీ దాకా కర్ర పట్టుకుని వచ్చి, ఊచల్లోంచి కళ్లు చికిలించి చూసి, ఒకే ఒక్క మాట అడిగాడు. “అయితే రేపు రావన్నమాట?”

డ్రైవరుగారు తల అడ్డంగా ఊపాడు. మేనేజరు బొంగరం వైపు తిరిగి, “రేపట్నించి రామ్మా... కాదు, ఇవాళే వచ్చేయ్,” అన్నాడు. అప్పటికే బొంగరం కొంగు దోపుకుని, ఎవరో బల్ల మీద ఒలకబోసిన నీళ్లు తుడుస్తోంది.

మూడో బుధవారానికి చీలిక పూర్తిగా పూడింది. మామ్మ ఆశ్రమానికి తిరిగి వచ్చింది. ప్లేట్లక్క రెండుసార్లు దూదిపుల్ల పెట్టింది; రెండు ప్లేట్లూ ఎర్రగా, నున్నగా, చుక్కన్నది లేకుండా ఉన్నాయి. డాక్టరమ్మ కూడా చూసి వెళ్లొచ్చంది. డ్రైవరుగారు మాత్రం వరండాలో కదలకుండా కూర్చున్నాడు. గోళ్ల పనిముట్టు మేజా అరలో పెట్టి అర మూసేశాడు.

“నా చేతులంటే నాకే భయంగా ఉందే,” అన్నాడు. ఆవిడ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. బతిమాలింది, కోప్పడింది, డ్రైవరుగారూ అని నాలుగుసార్లు పిలిచింది. లాభం లేకపోయింది.

పన్నెండింటికి గేటు చప్పుడైంది. చంకలో అట్టపెట్టెతో బొంగరం గాలిలా వచ్చి పడింది. పెట్టెలో ఇరవై ఆరు చిన్న సంచులు, ఒక్కో సంచిలో ఒక గోళ్ల కత్తెర, పైన ఒక్కో పెద్దమనిషి పేరు. పక్కన గ్లవ్స్ డబ్బా.

“ఎవరిది వాళ్లకే బాబాయ్. మేనేజరుగారే తెప్పించారు. గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెడితేనే లోపలికంట, వాచ్‌మన్ మరీ మరీ చెప్పమన్నాడు.”

“వేరే ఎవరినైనా చూసుకోండమ్మా,” అన్నాడాయన తల ఎత్తకుండా. “నావల్ల కాదు.”

బొంగరం ప్లేట్లక్క వైపు చూసింది. “చూశారా పిన్నీ?”

“చూశాను. రెండుసార్లు. శుభ్రంగా ఉంది.”

బొంగరం పెట్టె అడుగు నుంచి ఇరవై ఏడో సంచి తీసింది. దాని మీద తన పేరే ఉంది. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, ఎడమ చెయ్యి ఆయన మోకాలి మీద పెట్టింది.

“ముందు నావి తీయండి.”

ఆయన ఆ చెయ్యి చూశాడు. సబ్బుకి ఒరిసిన వేళ్లు, పనికి అరిగిన గోళ్లు. “ఇందులో తీయడానికేముందే?”

“ఉన్నంతే తీయండి బాబాయ్.”

ఆయన గ్లవ్స్ తొడుక్కున్నాడు. చిటికెనవేలితో మొదలుపెట్టాడు. ప్రతి గోరు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ పట్టుకున్నాడు. పది వేళ్లూ అయ్యేదాకా బొంగరం కదలకుండా కూర్చుంది.